కాన్సర్‌కు ఇమ్యునోథెరపీ: ఆమోదం వేరు, అవసరం వేరు



మన సరిహద్దు జిల్లాల వారికి బెంగుళూరు పరాయి ఊరు కాదు. హిందూపురం, మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు వారికి విజయవాడ కన్నా, హైదరాబాదు కన్నా బెంగుళూరే దగ్గర. కోలారు, ముళబాగిలు, బాగేపల్లి వైపు తెలుగువారికి అది సొంత రాష్ట్రపు రాజధాని. ఇక బెంగుళూరులో మారతహళ్ళి సంగతి వేరే చెప్పాలా? ఔటర్ రింగ్ రోడ్డు మీద కళామందిర్ స్టాపులో బస్సు దిగి నాలుగడుగులు వేస్తే కన్నడం ఎంత వినిపిస్తుందో తెలుగూ అంత వినిపిస్తుంది. ఆంధ్ర మెస్సులు, పీజీ హాస్టళ్ళు, రాత్రి బస్సుల కోసం సంచులతో నిలబడ్డ మనవాళ్ళు. మీలో చాలామందికి కొడుకో, కూతురో, అల్లుడో, మేనల్లుడో ఆ చుట్టుపక్కల కాపురం ఉంటూనే ఉంటారు.

ఊళ్ళో ఎవరికైనా పెద్ద జబ్బు చేస్తే మొదటి ఫోను వెళ్ళేది కూడా అక్కడికే. ఆ పిల్లల చిన్న ఇల్లే అప్పటికి ధర్మసత్రం. అక్కడ రాత్రి పడుకొని, తెల్లవారుజామున లేచి, సిల్క్ బోర్డు మీదుగా ఆస్పత్రికి చేరడం మనవాళ్ళకు అలవాటైన దారి. 1973లో ఏర్పడిన కిద్వాయ్ కాన్సర్ సంస్థకు కర్ణాటక వారితో పాటు రాయలసీమ వారు కూడా ఎన్నో ఏళ్ళుగా వెళుతున్నారు.

ఈమధ్య ఆ ఇళ్ళలో ఒక కొత్త మాట వినిపిస్తోంది. "నాయనా, కాన్సర్‌కు కొత్త మందు వచ్చిందంట. ఇమ్యునోథెరపీ అంటారంట. గవర్నమెంటు కూడా ఒప్పుకున్నదంట" అని కొడుకు అంటాడు. "ఎంతవుతుందిరా?" అని తండ్రి అడుగుతాడు. కొడుకు లక్షల్లో ఒక అంకె చెబుతాడు. ఆ తరువాత మాట పొలం మీదికి పోతుంది.

శ్రోతలారా, మందుకు ఆమోదం వచ్చిందన్న మాటకూ, పొలం అమ్మకానికి పెట్టడానికీ నడుమ తెలుసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. ఈ మందులు మంచివే. కొందరికి ప్రాణం పోశాయి కూడా. అయితే ఒక మందుకు ఆమోదం రావడం ఒక సంగతి. అది మన ఇంట్లో ఉన్న రోగికి అవసరం కావడం ఇంకొక సంగతి. ఈ రెండింటికీ ఉన్న తేడాను వివరించడమే ఈనాటి ప్రసంగం ఉద్దేశం.

ముందు ఈ వైద్యం ఎలా పనిచేస్తుందో చూద్దాం. మన రక్తంలో తెల్ల రక్తకణాలు ఉంటాయి. వాటిలో టీ కణాలు అనే ఒక రకం కణాలు ఇంటి కాపలా కుక్కల వంటివి. ఒళ్ళంతా తిరుగుతూ, తేడాగా కనిపించిన కణాన్ని పట్టి చంపుతాయి. అయితే కాపలా కుక్క మరీ రెచ్చిపోతే ఇంట్లోవాళ్ళనే కరుస్తుంది. అందుకని ప్రకృతి దానికి ఒక గొలుసు పెట్టింది. టీ కణం మీద పీడీ-1 అనే ఒక పదార్థం ఉంటుంది. ఎదుటి కణం మీద పీడీ-ఎల్1 అనే పదార్థం దానికి తగిలితే గొలుసు బిగుస్తుంది, టీ కణం శాంతిస్తుంది.

కాన్సర్ కణం ఈ కిటుకు కనిపెట్టింది. అది తన ఒంటినిండా పీడీ-ఎల్1 తెచ్చుకొని, కాపలా కుక్క దగ్గరికి రాగానే గొలుసు బిగించేస్తుంది. దొంగ కళ్ళెదుటే తిరుగుతున్నా కుక్క మొరగదు. నివోలుమాబ్, పెంబ్రోలిజుమాబ్, డుర్వాలుమాబ్ వంటి మందులు చేసే పని ఆ గొలుసు బిగుసుకోకుండా అడ్డుపడటం. అంటే ఈ మందు తానుగా కాన్సర్ కణాన్ని చంపదు. మన కాపలా కుక్కను వదులుతుంది. పట్టుకోవలసినది అదే. మామూలు కీమోథెరపీకీ దీనికీ ఉన్న అసలు తేడా ఇదే. ఈ మందు కొందరికి అద్భుతంగా పనిచేసి, మరికొందరికి ఏమాత్రం పనిచేయకపోవడానికి కారణం కూడా ఇందులోనే ఉంది. గొలుసు వదిలినా, దొంగను గుర్తుపట్టలేని కుక్క ఏం చేస్తుంది?

ఈ ఆలోచన నిన్న మొన్నటిది కాదు. 1891లో న్యూయార్క్‌లో విలియం కోలీ అనే శస్త్రవైద్యుడు, కాన్సర్ గడ్డ ఉన్న రోగికి సూక్ష్మజీవులను ఎక్కించి, వచ్చిన జ్వరంతో పాటు గడ్డ కూడా కరుగుతుందేమోనని ప్రయత్నించాడు. మీ భుజం మీద చిన్నప్పటి బీసీజీ టీకా మచ్చ ఉంటుంది, చూసుకోండి. క్షయకు వేసే ఆ బీసీజీనే మూత్రాశయం లోపలి పొరలో వచ్చే కాన్సర్‌కు వాడవచ్చునని కెనడాలో ఆల్వారో మొరాలెస్ 1976లో చూపించాడు. అమెరికా ప్రభుత్వం 1990లో దానికి ఆమోదం ఇచ్చింది. నేటికీ ఆ చికిత్స వాడుకలో ఉంది. ఇమ్యునోథెరపీ అంటే ఎప్పుడూ లక్షల మాటే కాదని ఇందువల్ల తెలుస్తుంది.

గొలుసు కథ కనిపెట్టినందుకు అమెరికాకు చెందిన జేమ్స్ ఆలిసన్‌కూ, జపాన్‌కు చెందిన తసుకు హోంజోకూ 2018లో నోబెల్ బహుమతి వచ్చింది. ఈ తరహా మందుల్లో మొదటిదైన ఇపిలిముమాబ్‌కు అమెరికాలో 2011 మార్చిలో, పెంబ్రోలిజుమాబ్‌కు 2014 సెప్టెంబర్‌లో ఆమోదం లభించింది. నివోలుమాబ్‌ను జపాన్ 2014 జూలైలోనే ఆమోదించింది. ఆ తరువాత కొన్నేళ్ళకే ఇవి మన దేశానికీ వచ్చాయి.

పేరు మోగిపోయింది మాత్రం జిమ్మీ కార్టర్ వల్ల. అమెరికా మాజీ అధ్యక్షుడైన ఆయనకు మెలనోమా అనే చర్మ కాన్సర్ కాలేయానికీ మెదడుకూ పాకిందని 2015 ఆగస్టులో తెలిసింది. అప్పటికి ఆయన వయస్సు 90. శస్త్రచికిత్స, రేడియేషన్‌తో పాటు పెంబ్రోలిజుమాబ్ ఇచ్చారు. ఆ డిసెంబర్‌కల్లా స్కానులో కాన్సర్ జాడ కనిపించలేదు. ఆయన నిండు నూరేళ్ళు జీవించి 2024 డిసెంబర్‌లో కన్నుమూశారు. ఈ కథ నిజమే. కానీ మెలనోమా తెల్లవారిలో ఎక్కువ, మనలో తక్కువ. మనకు ఎక్కువగా కనిపించేది నోటి కాన్సర్, గొంతు కాన్సర్. కాబట్టి కార్టర్ గారి లెక్కను మన ఇంటికి తెచ్చుకొని పొలం బేరం పెట్టకూడదు. మన లెక్క మనం చూసుకోవాలి.

ఆ లెక్క ఇది. మామూలు కీమో మందు వాడాక కూడా ముదిరిన నోటి, గొంతు కాన్సర్ల మీద నివోలుమాబ్‌ను 361 మంది రోగులలో పరీక్షించారు. ఏడాది తరువాత చూస్తే, పాత మందులు వాడినవారిలో నూటికి సుమారు 17 మంది బతికి ఉన్నారు. నివోలుమాబ్ వాడినవారిలో 36 మంది బతికి ఉన్నారు. రెట్టింపు కన్నా ఎక్కువ. ఈ ఫలితం చూసే 2016లో అమెరికా దీన్ని ఈ కాన్సర్లకు ఆమోదించింది. అయితే అదే పరీక్షలో గడ్డ బాగా తగ్గినది నూటికి 13 మందికే. బతికిన కాలాన్ని వరసలో పెట్టి నడిమి రోగిని చూస్తే, అయిదు నెలలు కాస్తా ఏడున్నర నెలలయింది. రెట్టింపు అన్న మాటా నిజమే, రెండున్నర నెలలు అన్న మాటా నిజమే. ఒకటి చెప్పి ఒకటి చెప్పకపోతే అది సగం నిజమే అవుతుంది. డాక్టరు దగ్గర రెండూ అడిగి తెలుసుకోండి.

ఇక ఆమోదం అంటే ఏమిటో చూద్దాం. మన దేశంలో కొత్త మందుకు అనుమతి ఇచ్చేది కేంద్ర ఔషధ ప్రమాణాల నియంత్రణ సంస్థ. దాని అధిపతిని డ్రగ్స్ కంట్రోలర్ జనరల్ అంటారు. మందు కంపెనీ ముందు ప్రయోగశాలలో, తరువాత జంతువులలో, ఆ తరువాత మనుషులలో మూడు దశల్లో పరీక్షలు జరిపి ఫలితాలను సమర్పించాలి. నిపుణుల సంఘం వాటిని పరిశీలిస్తుంది. ఇదంతా 2019లో వచ్చిన కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నియమాల ప్రకారం జరుగుతుంది. కొన్ని దేశాల్లో ఇప్పటికే ఆమోదం పొందిన కొన్ని తరగతుల మందులకు ఇక్కడ మళ్ళీ పరీక్ష జరపనవసరం లేదని 2024 ఆగస్టులో మినహాయింపు కూడా ఇచ్చారు.

ఇక్కడ గుర్తుంచుకోవలసినవి రెండున్నాయి. మొదటిది, ఆమోదం మందు పేరుకు రాదు, వాడకానికి వస్తుంది. ఫలానా కాన్సర్, ఫలానా దశ, ఫలానా మందు వాడిన తరువాత, ఫలానా పరీక్షలో ఇంత వస్తే వాడవచ్చు అని అనుమతి పత్రంలో ఉంటుంది. ఊపిరితిత్తుల కాన్సర్‌కు ఆమోదం వచ్చిన మందు కాలేయ కాన్సర్‌కు పనికివస్తుందని అర్థం కాదు. బస్సు టిక్కెట్టు తీసుకుంటే అది ఆ బస్సుకే గదా, స్టాండులో ఉన్న అన్ని బస్సులకూ చెల్లదు గదా.

రెండవది, ఆమోదం ఆఖరి మాట కాదు. డుర్వాలుమాబ్‌ను 2017లో అమెరికాలో ముదిరిన మూత్రాశయ కాన్సర్‌కు తొందర పద్ధతిలో ఆమోదించారు. పెద్ద పరీక్షలో ఆశించిన మేలు కనిపించకపోయేసరికి 2021లో కంపెనీ ఆ వాడకాన్ని ఉపసంహరించుకుంది. అదే మందు కొన్ని ఇతర కాన్సర్లకు నేటికీ బాగా ఉపయోగపడుతోంది.

బెంగుళూరులోనే ఇందుకు మంచి ఉదాహరణ ఉంది. క్యూబా దేశపు శాస్త్రవేత్తలు కనిపెట్టిన నిమోటుజుమాబ్ అనే ప్రతిరక్షక మందును బెంగుళూరు కంపెనీ బయోకాన్ ఇక్కడే తయారుచేసి, తల, మెడ భాగాల కాన్సర్ల కోసం 2006లో విడుదల చేసింది. ఇది గొలుసు వదిలే రకం కాదు. కాన్సర్ కణం మీది ఒక ద్వారానికి అడ్డుపడే రకం. అప్పట్లో దానికి ఆధారమైన పరీక్ష చిన్నది. ముంబయి టాటా మెమోరియల్ వైద్యులు 536 మందితో జరిపిన పెద్ద పరీక్ష ఫలితం 2019లో వచ్చింది. రేడియేషన్, కీమోలకు దీన్ని జోడిస్తే జబ్బు మళ్ళీ పెరగకుండా ఉన్న కాలం పొడిగిందని అందులో తేలింది. మొత్తం ఆయుష్షు పెరిగిందని మాత్రం గట్టిగా తేలలేదు. చూడండి, ఆమోదానికీ ఈ నిగ్గు తేలడానికీ మధ్య పదమూడేళ్ళు గడిచాయి. అందుకే ఆమోదం మొదటి మెట్టు అనుకోవాలి.

ఇప్పుడు డబ్బు సంగతి. ఈ మందులు విడుదలైన నాటి నుంచీ ఒక్కో మోతాదు లక్షల్లో ఉంటూ వచ్చింది. రెండు మూడు వారాలకొకసారి, కొన్నిసార్లు రెండేళ్ళ దాకా ఎక్కించాలి. ప్రభుత్వం కొంత భారం తగ్గించింది. పెంబ్రోలిజుమాబ్‌పై దిగుమతి సుంకాన్ని 2023 ఏప్రిల్ నుంచి, డుర్వాలుమాబ్‌పై సుంకాన్ని 2024 జూలై బడ్జెట్‌లో తీసేశారు. 2025 సెప్టెంబర్ 22 నుంచి మందుల మీద జీఎస్టీని సాధారణంగా 5 శాతానికి తగ్గించి, కొన్ని ప్రాణరక్షక మందులకు పూర్తిగా ఎత్తివేశారు. అయినా మామూలు రైతు కుటుంబానికి ఇది మోయలేని భారమే. ముదిరిన తల, మెడ కాన్సర్లకు ఆమోదం పొందిన చికిత్సలు పేద, మధ్యాదాయ దేశాలలో నూటికి ఒకరి నుంచి ముగ్గురికే అందుతున్నాయని టాటా మెమోరియల్ వైద్యులే రాశారు.

ఆ వైద్యులు రాసి ఊరుకోలేదు. విజయ్ పాటిల్, వనితా నొరోన్హా, కుమార్ ప్రభాష్ మొదలైనవారు ఒక ప్రశ్న వేసుకున్నారు. కుక్క గొలుసు వదలడానికి నిజంగా అంత మందు కావాలా? మామూలుగా నివోలుమాబ్ రెండు వారాలకు 240 మిల్లీగ్రాములు ఇస్తారు. వీరు మూడు వారాలకొకసారి 20 మిల్లీగ్రాములే ఇచ్చారు. అంటే సుమారు పద్దెనిమిదో వంతు. దానికి తోడు నోటితో మింగే మూడు చవక మాత్రలు ఇచ్చారు. 151 మంది రోగులను రెండు భాగాలు చేసి, ఒక భాగానికి మాత్రలు మాత్రమే, రెండో భాగానికి మాత్రలతో పాటు చిన్న మోతాదు నివోలుమాబ్ ఇచ్చారు. 2022లో ఫలితం వెలువడింది. మాత్రలు మాత్రమే వాడినవారిలో ఏడాది తరువాత నూటికి 16 మంది బతికి ఉండగా, చిన్న మోతాదు తోడైనవారిలో 43 మంది బతికి ఉన్నారు. తీవ్రమైన దుష్ఫలితాలు కూడా పెరగలేదు.

ఆ మూడు మాత్రలలో ఒకటి మెథోట్రెక్సేట్. దాని పుట్టుకలో మన తెలుగువాడి చేయి ఉంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలలో ఫోలిక్ ఆమ్లానికి విరుగుడు మందులు తయారుచేయించారు. వాటిలో ఒకదానిని బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ 1947లో రక్త కాన్సర్ పిల్లలకు ఇచ్చి, కొంతకాలమైనా జబ్బు వెనక్కు తగ్గడం చూశాడు. మెథోట్రెక్సేట్ ఆ కుటుంబంలోదే. నాటి తెలుగువాడి పాత మందూ, నేటి కొత్త మందు చిటికెడూ కలిసి పేద రోగికి అక్కరకు వచ్చాయన్నమాట.

అయితే ఇక్కడా నిదానం అవసరం. ఆ పరీక్షలో చిన్న మోతాదును పూర్తి మోతాదుతో పోల్చలేదు. అందులో పాల్గొన్నది జబ్బు బాగా ముదిరినవారు. పూర్తిగా నయం చేయడం కాదు, బతుకు పొడిగించడం దాని లక్ష్యం. నోటి, గొంతు కాన్సర్లలో తేలిన సంగతిని ఇతర కాన్సర్లకు మనంతట మనం అన్వయించకూడదు. కానీ పూర్తి మోతాదు కొనలేని కుటుంబం ఒకటుంది. దాని ముందు పొలం అమ్మడం, ఉత్త చేతులతో ఇంటికి పోవడం అనే రెండు దారులే ఉన్నాయని అనుకోవద్దు. "చిన్న మోతాదు మాకు పనికివస్తుందా డాక్టరుగారూ?" అని అడగడం మీ హక్కు. అడిగితే చిన్నతనమేమీ కాదు.

ఇమ్యునోథెరపీలోనే మరొక రకం కార్-టీ చికిత్స. ఇందులో రోగి టీ కణాలనే బయటికి తీసి, ప్రయోగశాలలో వాటికి కాన్సర్‌ను గుర్తుపట్టే విద్య నేర్పి, మళ్ళీ ఒంట్లోకి ఎక్కిస్తారు. అమెరికాలో మొదటి కార్-టీకి 2017లో ఆమోదం లభించింది. ముంబయి ఐఐటీ, టాటా మెమోరియల్ కలిసి రూపొందించిన నెక్స్‌కార్19కు మన దేశంలో 2023 అక్టోబర్‌లో అనుమతి వచ్చింది. 2024 ఏప్రిల్‌లో రాష్ట్రపతి ద్రౌపది ముర్ము దాన్ని జాతికి అంకితం చేశారు. విదేశాల్లో మూడు నాలుగు కోట్లయ్యే చికిత్స సుమారు నలభై లక్షలకు దిగింది. బెంగుళూరు బొమ్మసంద్రలో పనిచేసే ఇమ్యునీల్ సంస్థ, బార్సిలోనాలోని హాస్పిటల్ క్లినిక్ విధానంతో తయారుచేసిన కార్టెమీని 2025 జనవరిలో విడుదల చేసింది. మారతహళ్ళి నుంచి సిల్క్ బోర్డు, ఎలక్ట్రానిక్ సిటీ దాటితే బొమ్మసంద్ర వస్తుంది. అంత దగ్గర. కానీ ఇవి బీ కణాల లింఫోమా, లుకేమియా వంటి కొన్ని రక్త కాన్సర్లకు, అదీ ఇతర చికిత్సలకు లొంగనప్పుడు మాత్రమే. నోటి కాన్సర్‌కు, రొమ్ము కాన్సర్‌కు ఇవి కావు. దగ్గరలో ఉంది కదా అని అడ్వాన్సు కట్టేందుకు పరుగెత్తకండి.

ఇప్పుడు ముఖ్యమైన మాట, దుష్ఫలితాలు. కీమోకు జుట్టు ఊడుతుంది, వాంతులవుతాయి, దీనికి అవేమీ ఉండవు అని కొందరు చెబుతారు. ఇది సగమే నిజం. గొలుసు వదిలిన కుక్క ఒక్కోసారి ఇంట్లోవాళ్ళనూ కరుస్తుందని ముందే అనుకున్నాం కదా. టీ కణాలు పేగుల మీద పడితే విరేచనాలు ఆగవు. ఊపిరితిత్తుల మీద పడితే పొడి దగ్గు, ఆయాసం. కాలేయం మీద పడితే కామెర్లు. థైరాయిడ్ మీద పడితే నీరసం, ఒళ్ళు బరువెక్కడం. అరుదుగా గుండె మీద కూడా పడవచ్చు. ఇవి మందు ఎక్కించిన వారానికే రావాలని లేదు. నెలల తరువాత, మందు ఆపేసిన తరువాత కూడా రావచ్చు.

అప్పటికి రోగి మారతహళ్ళిలో ఉండడు, ఊళ్ళో ఉంటాడు. విరేచనాలని దగ్గరలోని ఆర్.ఎం.పి. డాక్టరు దగ్గరికి వెళితే, ఆయన మామూలు బేదుల మందు ఇస్తాడు. ఆయన తప్పు లేదు, ఆయనకు సంగతి తెలియదు. ఈ విరేచనాలకు చాలాసార్లు స్టిరాయిడ్లు కావలసివస్తాయి, ఆలస్యమైతే ప్రాణం మీదికి వస్తుంది. అందుకని ఒక పని చేయండి. రోగి ఏ ఇమ్యునోథెరపీ మందు తీసుకున్నాడు, చివరి మోతాదు ఏ తేదీన పడింది, ఏ ఆస్పత్రి, అత్యవసరంలో ఏ నంబరుకు ఫోను చేయాలి, ఇవన్నీ ఒక కార్డు మీద రాయించుకొని రోగి జేబులో ఉంచండి. జ్వరమొచ్చినా, దగ్గొచ్చినా, ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళినా ముందు ఆ కార్డు చూపించండి. కీళ్ళవాతం, సోరియాసిస్ వంటివి ముందునుంచీ ఉన్నా, మూత్రపిండం మార్పిడి జరిగి ఉన్నా, మొదటి మోతాదుకు ముందే చెప్పండి.

దొంగ మందుల బెడద కూడా ఉంది. 2024 మార్చిలో ఢిల్లీ పోలీసులు ఒక ముఠాను పట్టుకున్నారు. వాడి పారేసిన ఖరీదైన కాన్సర్ మందుల సీసాలను సేకరించి, వాటిలో వేరే చవక మందు నింపి అమ్మేవారు. ఆ సీసాలలో ఇప్పుడు మనం చెప్పుకున్న ఇమ్యునోథెరపీ మందుల పేర్లూ ఉన్నాయి. కాబట్టి సగం ధరకు ఇప్పిస్తామని ఎవరైనా ఫోనులో చెబితే నమ్మకండి. ఆస్పత్రి మందుల దుకాణంలోనో, గుర్తింపు ఉన్న డీలరు దగ్గరో బిల్లుతో కొనండి. బిల్లు మీది బ్యాచి నంబరూ సీసా మీది నంబరూ ఒకటేనా అని చూసుకోండి. మందు ఎక్కించాక ఖాళీ సీసా మళ్ళీ వాడకుండా పాడుచేయమని నర్సమ్మను కోరండి. అలాగే, రోగనిరోధక శక్తిని పెంచుతాయంటూ అమ్మే పొడులూ, కషాయాలూ ఇమ్యునోథెరపీ కావు. పేర్లు దగ్గరగా ఉన్నాయని మోసపోవద్దు.

సహాయం దొరికే చోట్లు కొన్ని ఉన్నాయి. ఆరోగ్యశ్రీ పథకం 2007 ఏప్రిల్‌లో మొదలైన మూడు జిల్లాల్లో మన అనంతపురం ఒకటి. ఆంధ్రప్రదేశ్‌లో ఆ పథకమే ఇప్పుడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్యసేవ. ఆస్పత్రిలో ఆరోగ్యమిత్ర ఉంటారు. మీ జబ్బుకు ఏ చికిత్స దాని కిందికి వస్తుందో, బెంగుళూరు ఆస్పత్రిలో అది చెల్లుతుందో లేదో ముందు వారిని అడగండి. కర్ణాటక వైపు తెలుగువారు ఆ రాష్ట్ర ఆయుష్మాన్ భారత్ ఆరోగ్య కర్ణాటక కార్డు గురించి విచారించండి. కొన్ని మందు కంపెనీలు పేద రోగులకు ఉచితంగానో, తగ్గింపుతోనో మోతాదులిచ్చే పథకాలు నడుపుతాయి. వాటికి దరఖాస్తు డాక్టరు ద్వారానే వెళ్ళాలి. తిరుపతిలో టాటా ట్రస్టుల సహకారంతో 2022లో ప్రారంభమైన శ్రీవేంకటేశ్వర కాన్సర్ సంస్థ ఉంది. చిత్తూరు, మదనపల్లె వైపు వారు రెండో అభిప్రాయం కోసం అక్కడికి వెళ్ళవచ్చు.

శ్రోతలారా, ఒక కాగితం, పెన్సిలు తీసుకోండి. ఇమ్యునోథెరపీ మాట వచ్చినప్పుడు డాక్టరును అడగవలసిన ఐదు ప్రశ్నలు చెబుతాను.

ఒకటి: మా రోగికి ఉన్న కాన్సర్‌కు, ఈ దశలో, ఈ మందుకు ఆమోదం ఉందా?

రెండు: పీడీ-ఎల్1 వంటి పరీక్ష చేయించవలసి ఉందా, చేయిస్తే ఎంత వచ్చింది? కొన్ని కాన్సర్లలో ఈ పరీక్షే మందు పనికివస్తుందో లేదో సూచిస్తుంది.

మూడు: మా రోగి వంటివారు నూరుమంది ఈ మందు వాడితే ఎందరికి మేలు జరుగుతుంది? నయమవుతుందా, కాలం పొడుగుతుందా? పొడిగితే ఎన్నాళ్ళు?

నాలుగు: మొత్తం ఎన్ని మోతాదులు, మొత్తం ఖర్చెంత? పనిచేయడం లేదని ఎన్ని మోతాదుల తరువాత తెలుస్తుంది? అప్పుడు ఆపేస్తారా?

ఐదు: ఇంతకన్నా తక్కువ ఖర్చులో దారి ఉందా? చిన్న మోతాదు గానీ, పాత మందు గానీ, లేక రిజిస్టరైన క్లినికల్ ట్రయల్ గానీ?

ట్రయల్ అంటే ఎలుక మీద ప్రయోగం అని భయపడవద్దు. మన దేశంలో ట్రయల్స్‌ను ప్రభుత్వ రిజిస్ట్రీలో నమోదు చేయాలి. మీకు అర్థమయ్యే భాషలో వివరించి, సంతకం తీసుకోవాలి. కన్నడంలోనో, ఇంగ్లీషులోనో కాగితం ఇచ్చి సంతకం పెట్టమంటే, తెలుగులో చెప్పమని అడగండి. ఎప్పుడైనా బయటికి వచ్చే హక్కు మీకుంది.

మారతహళ్ళిలో ఉన్న పిల్లలకు కూడా ఒక మాట. అమ్మానాన్నల కోసం ఎంత ఖర్చైనా చేయాలన్న మీ మనసు గొప్పది. కానీ ఫోనులో చదివిన ఒక వార్త చూసి, "కొత్త మందు ఇప్పించకపోతే కొడుకును కాను" అనుకోకండి. ఈ ఐదు ప్రశ్నలకూ జవాబులు రాసుకొని, ఇంటిల్లిపాదీ కూర్చొని మాట్లాడుకోండి. ఆ మాటల్లో రోగిని కూడా కూర్చోబెట్టండి. ఆయన ఒంటికి సంబంధించిన నిర్ణయం ఆయనకు తెలియకుండా జరగకూడదు. కొన్నిసార్లు నొప్పి లేకుండా, తన ఇంట్లో, తనవారి మధ్య ఉండటమే ఆయన కోరుకునేది కావచ్చు. ఆ నొప్పి తగ్గించే వైద్యం కూడా వైద్యమే.

చివరగా, ఏ మందూ అక్కరలేని దారి ఒకటుంది. నోట్లో మూడు వారాలైనా మానని పుండు, తెల్లమచ్చ గానీ ఎర్రమచ్చ గానీ, గొంతు బొంగురు, మెడలో గడ్డ, వీటిలో ఏది కనిపించినా వెంటనే చూపించుకోండి. మొదట్లో పట్టుకుంటే నోటి కాన్సర్‌ను చాలామందికి శస్త్రచికిత్సతోనే నయం చేయవచ్చు. బీడీ, గుట్కా, తాంబూలంలో పొగాకు మానుకుంటే చాలామందికి ఆ పుండే రాదు.

ఆమోదం వచ్చిన మందు దేశానికి మంచి కబురు. అది మన ఇంటికి మంచి కబురో కాదో, అడిగి తెలుసుకుంటేనే తేలుతుంది. అడగండి. తొందరపడి అమ్ముకోకండి, ఆలస్యం చేసి పోగొట్టుకోకండి.